సూక్ష్మజీవులకు మృత్యువు



కొన్ని వారముల క్రిందట మా విజ్ఞాన ప్రసంగముల శాఖకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు తమ పేరు చెప్పవద్దని కోరిరి, చెప్పము. వారి తండ్రిగారికి చిరకాలముగా మధుమేహ మున్నది. కాలి బొటనవ్రేలి ప్రక్కన చిన్న బొబ్బ లేచి, చితికి, పుండై, నాలుగు నెలలైనను మానలేదు. వైద్యులు చీము తీసి పరీక్షకు పంపిరి. పరీక్షశాలనుండి వచ్చిన కాగితములో పన్నెండు మందుల పేర్లు వరుసగా ఉన్నవట. వానిలో పదింటి కెదురుగా 'పనిచేయదు' అను గుర్తు ఉన్నదట. ఆ కాగితము చూచి వైద్యులు కొంతసేపు ఏమియు మాటలాడలేదట. ఉత్తరము చివర ఒక ప్రశ్న ఉన్నది: "గంగనీటిలో సూక్ష్మజీవులను చంపు వైరసు లున్నవని ఎక్కడనో చదివితిని. మా పూజామందిరములో కాశీనుండి తెచ్చిన గంగచెంబు ఉన్నది. దాని మూత విప్పి ఆ నీటితో నాన్నగారి పుండు కడుగవచ్చునా?"

ఈ ప్రశ్నకు సమాధానము ఒక్క మాటలో చెప్పవచ్చును. కడుగరాదు. ప్రసంగముదాక ఆగక, ఆ మాటను మేము వెంటనే ఉత్తరముద్వారా తెలియజేసితిమి. కాని ఆ ఒక్క మాటతో ఊరకుండుట న్యాయముగా తోచలేదు. వారు చదివినది వట్టి పుకారు కాదు. దాని వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. అందులో మన దేశమునకును భాగము కలదు. ఆ చరిత్రను, దాని ఫలితమును శ్రోతలందరి ముందుంచుట మంచిదని తలచితిమి.

1896వ సంవత్సరమున ఆగ్రాలో ప్రభుత్వోద్యోగిగా ఉండిన ఎర్నెస్ట్ హాన్‌బరీ హాంకిన్ అను ఆంగ్లేయ సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు ఒక వింత విషయమును ప్రచురించెను. గంగ, యమున నదుల నీటిలో కలరా క్రిములను వేసినచో అవి త్వరలోనే నశించుచున్నవి. ఆ నీటినే కాచి చల్లార్చి వేసినచో నశించుట లేదు. నీటిలో ఏదో ఉన్నది, వేడికి అది పోవుచున్నది. అది ఏమో ఆయనకు తెలియలేదు. ఆయన చూచినది నేడు మనము ఎరిగిన వైరసుల పనియేనా, మరియొక పదార్థపు గుణమా అని పండితులు నేటికిని వాదించుచునే ఉన్నారు.

1915లో లండనులో ఫ్రెడరిక్ ట్వార్ట్ అను పరిశోధకుడు తాను పెంచుచున్న సూక్ష్మజీవుల గుంపులు అక్కడక్కడ గాజువలె పారదర్శకమై కరగిపోవుట గమనించెను. ఆ సంవత్సరముననే పారిసు సమీపమున మేసోన్-లఫీత్ అను ఊరిలో ఫ్రెంచి సైనికులకు రక్తవిరేచనములు వ్యాపించినవి. పారిసులోని పాశ్చర్ సంస్థలో పనిచేయుచున్న ఫెలిక్స్ డెరెల్ ఆ వ్యాధిని పరిశీలించెను. ఆయన రోగుల మలమును నీటిలో కలిపి, సూక్ష్మజీవులు సైతము జారిపోలేనంత సన్నని వడపోతగుండ వడగట్టి, ఆ తేటను వ్యాధిక్రిములు పెరుగుచున్న ద్రవములో వేయుచు వచ్చెను. రోగి కోలుకొను సమయమున తీసిన తేటను వేయగా, మబ్బుగా ఉన్న ద్రవము తెల్లవారునప్పటికి మంచినీటివలె తేరుకొన్నది. క్రిములన్నియు కరగిపోయినవి. ఆ తేటలోని ఒక బొట్టును మరియొక నాళికలో వేయగా అక్కడను అదే జరిగినది. ఎన్నిమార్లు ఒకదానినుండి మరియొకదానికి మార్చినను దాని శక్తి తగ్గలేదు. విషమైనచో పలుచబడుకొలది శక్తి తగ్గవలెను. తగ్గలేదు గనుక అది తనను తాను వృద్ధి చేసికొనుచున్నదని డెరెల్ ఊహించెను. 1917 సెప్టెంబరు 10న ఈ సంగతి ఫ్రెంచి శాస్త్ర పరిషత్తు ముందుకు వచ్చినది. దానికి ఆయన 'బాక్టీరియోఫేజ్' అని పేరు పెట్టెను. బాక్టీరియాను తినునది అని దాని భావము. నేడు పొట్టిగా 'ఫేజ్' అందురు.

ఈ ఫేజు ఒక వైరసు. వైరసు అనగానే మనకు జలుబు, మశూచి, కరోనా గుర్తునకు వచ్చును, భయము కలుగును. ఈ జాతి వైరసులు మన శరీరకణముల జోలికి రావు. వానికి కావలసినది బాక్టీరియా మాత్రమే. ఒక ప్రసిద్ధమైన ఫేజు నిలువు పొడవు మిల్లీమీటరులో అయిదు వేలవ వంతు. పైన అనేక ముఖములు గల తల, దానిక్రింద గొట్టమువంటి తోక, తోక చివర సాలెపురుగు కాళ్ళవంటి సన్నని పోగులు. ఆ కాళ్ళతో బాక్టీరియాపై వ్రాలి, తోకను గ్రుచ్చి, తలలోని జన్యుపదార్థమును లోపలికి పంపును. అటుపై ఆ బాక్టీరియా తన పని మానివేసి, వచ్చిన అతిథికి బిడ్డలను తయారుచేయుటయే పనిగా పెట్టుకొనును. సుమారు అరగంటలో నూటికి పైగా క్రొత్త ఫేజులు సిద్ధమగును. గోడ పగులును, బాక్టీరియా చచ్చును, క్రొత్త ఫేజులు తక్కిన బాక్టీరియాపై పడును. సాధారణముగా మందు శరీరములో ప్రవేశించిన పిదప తగ్గుచు పోవును. ఈ మందు శత్రు వున్నంతసేపు పెరుగును. శత్రువు తరిగిన పిదప తానును తరుగును.

ఇవి ఎక్కడ నుండును? బాక్టీరియా ఉన్న ప్రతిచోట ఉండును. సముద్రపు నీటిలో ఒక్క మిల్లీలీటరు తీసికొనినచో అందులో కోటి వరకు వైరసు లుండవచ్చును. వానిలో అధికభాగము ఫేజులే. పొలములోని మట్టి, మురుగుకాలువ, మన ప్రేగులు అన్నియు వాని నివాసములే. అందుచేత ఫేజు ఉండుట గంగకు మాత్రమే ఉన్న విశేషము కాదు.

1919లో డెరెల్ పారిసులోని పిల్లల వైద్యశాలలో మొదటి ప్రయోగము చేసెను. రోగి పండ్రెండేండ్ల బాలుడు. తీవ్రమైన రక్తవిరేచనములతో బాధపడుచుండెను. మందు ఇచ్చుటకు ముందు డెరెల్, ఆ వైద్యశాలలోని వైద్యులు తామే ఆ ఫేజులను త్రాగి, ఏ హానియు కలుగదని తేల్చుకొనిరి. తరువాతనే బాలునికి ఇచ్చిరి. అతడు కొద్దిదినములలో కోలుకొనెను. పరులకు ఇవ్వదలచినది ముందుగా తాను త్రాగి చూచుట ఆనాటి పరిశోధకుల నీతి. నేటి నియమములు వేరైనను ఆ నీతిని మరువరాదు.

తరువాత మన దేశమునకు వచ్చెను. 1927లో పంజాబులో కలరా వ్యాపించినపుడు డెరెల్, ఆయన సహచరులు రోగులకు ఫేజులను త్రాగించిరి. ఊరి బావులలో కూడ పోసిరి. త్రాగిన 74 మందిలో అయిదుగురు మరణించిరి. త్రాగని 124 మందిలో 78 మంది మరణించిరి. ఈ సంఖ్యలు వినినవారికి ఒడలు గగుర్పొడువక మానదు. కలరా వచ్చిన ఊరిలో పాడె వెనుక పాడె లేచుచుండిన రోజు లవి. వెనువెంటనే అస్సాములో పెద్దయెత్తున పరీక్షలు మొదలైనవి. నౌగాంగ్ ప్రాంతమున గ్రామపెద్దల చేతికి ఫేజు సీసా లిచ్చి, రోగము కనబడగానే త్రాగింపుమనిరి. కాని కలరా తనంత తానే ఒక ఏడు హెచ్చును, ఒక ఏడు తగ్గును. తగ్గినపుడు అది ఫేజు మహిమయా, వ్యాధి స్వభావమా అని తేల్చుట కష్టమైనది. ఎవరికి ఇచ్చితిమి, ఎవరికి ఇవ్వలేదు, ఇరువురును సమానస్థితిలో ఉండిరా అను లెక్క నేటి పద్ధతిలో ఆనాడు లేదు. కొన్నేండ్లు సాగి, గట్టి నిర్ణయము లేకయే ఆ ప్రయత్నములు ఆగిపోయినవి.

మరియొక లోపము కూడ కలదు. ఇతర దేశములలో వ్యాపారులు ఫేజు సీసాలను అన్ని రోగములకును అమ్మజొచ్చిరి. కొన్ని సీసాలలో బ్రతికియున్న ఫేజులే ఉండెడివి కావు. 1934లో అమెరికా వైద్యసంఘము పత్రికలో వెలువడిన సమీక్ష ఈ చికిత్సకు సాక్ష్యము చాలదని తేల్చెను. ఇంతలో పెన్సిలిన్ వచ్చినది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొనిన ఆ మందు రెండవ ప్రపంచయుద్ధ కాలమున విరివిగా తయారైనది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధన విభాగమునుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిన్ వర్గమున అది మొదటిది. ఒక్కొక్క క్రిమికి ఒక్కొక్క ఫేజును వెదుకు శ్రమ యెందుకు? ఒక్క మాత్ర అనేక క్రిములను చంపుచున్నది గదా! పాశ్చాత్యదేశములు ఫేజులను మరచిపోయినవి.

మరువని ఊరు ఒకటి మిగిలినది. జార్జియా దేశపు రాజధాని టిబిలీసీలో జార్జి ఎలియావా అను శాస్త్రజ్ఞుడు 1923లో ఒక సంస్థను స్థాపించెను. ఆయన డెరెల్‌కు మిత్రుడు. డెరెల్ కూడ అక్కడికి వెళ్ళి కొంతకాలము పనిచేసెను. 1937లో స్టాలిన్ ప్రభుత్వము ఎలియావాను కాల్చి చంపించెను. కాని సంస్థ నిలిచినది. నేడు ఆయన పేరుననే నడచుచున్నది. రోగులు నేటికిని దూరదేశములనుండి అక్కడికి వెళ్ళుచున్నారు.

ఇక యాంటీబయాటిక్ మందుల సంగతి. 1945లో నోబెల్ బహుమానము పుచ్చుకొనుచు ఫ్లెమింగే ఒక హెచ్చరిక చేసెను. మందును చాలీచాలక వాడినచో క్రిములు చావక, దానికి అలవాటుపడునని ఆయన ప్రయోగశాలలో చూచి చెప్పెను. అట్లే జరిగినది. లక్షల క్రిములలో ఏ ఒక్కదానికో మందును తట్టుకొను గుణము ఉండును. తక్కినవి చచ్చును; అది మిగులును; దాని సంతతి పెరుగును. అంతేకాదు, ఆ గుణమును ఒక క్రిమి ప్రక్క క్రిమికి సైతము అందించగలదు. మందు క్రిములకు తగులునది రోగి శరీరములో మాత్రమే కాదు. పటాన్‌చెరు ప్రాంతపు మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడిచిన నీటిలో, ఒక లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపెను. ప్రపంచమంతట లెక్కించగా, 2019లో మందులకు లొంగని బాక్టీరియా వలననే నేరుగా 12 లక్షల 70 వేల మంది మరణించిరని అంచనా. ఉత్తరములో చెప్పిన ఆ కాగితము, పదింటి కెదురుగా ఉన్న ఆ గుర్తు, ఈ కథలోనివే.

ఈ స్థితిలో శాస్త్రజ్ఞులు మరల ఫేజులవైపు చూచిరి. 2015 చివర టామ్ పాటర్సన్ అను అమెరికా ఆచార్యుడు ఈజిప్టు యాత్రలో జబ్బుపడెను. కడుపులో చేరిన క్రిమి ఏ మందునకును లొంగలేదు; ఆయన స్మృతి తప్పెను. భార్య స్టెఫనీ స్ట్రాత్‌డీ స్వయముగా సాంక్రామిక వ్యాధుల పరిశోధకురాలు. ఆమె పాత గ్రంథములు వెదకి, ఫేజులపై పనిచేయువారికి ఉత్తరములు వ్రాసెను. ఎన్నడు చూడని మనుష్యునికొరకు టెక్సాసులోని విశ్వవిద్యాలయమువారు, అమెరికా నౌకాదళపు పరిశోధకులు తగిన ఫేజులను వెదకి పంపిరి. 2016 మార్చిలో వానిని ఆయన రక్తములోనికి ఎక్కించిరి. కొద్దిదినములలో ఆయన కన్ను తెరచెను. తరువాత ఇల్లు చేరెను.

మరియొక ఉదాహరణ మన వంటయింటికి దగ్గరిది. దక్షిణాఫ్రికాలోని డర్బనులో కుళ్ళిన వంకాయ అడుగున దొరికిన ఒక ఫేజును అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రయోగశాలలో భద్రపరచిరి. కొన్నేండ్ల తరువాత లండనులో ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన పదునైదేండ్ల బాలికకు క్షయజాతి క్రిమి సోకి, శరీరమంతట పుండ్లు లేచినవి. ఆ వంకాయ ఫేజును, జన్యువులు మార్చి తీర్చిన మరి రెండు ఫేజులను కలిపి ఆమెకు ఇచ్చిరి. రోగము నిర్మూలము కాలేదు గాని అదుపునకు వచ్చెను. పుండ్లు చాలవరకు మానినవి. 2019లో ఈ వృత్తాంతము ప్రచురితమైనది. మనము పారవేయు కుళ్ళిన కూరగాయలో ఒక బిడ్డకు ఊరట దాగియుండునని ఎవ రనుకొందురు?

ఇంతవరకు విని ఆనందించిన శ్రోతలు మిగిలినది కూడ వినవలెను. ఐరోపాలో కాలిన పుండ్ల రోగులపై జరిగిన పరీక్షలో ఫేజులు, వాడుకలో ఉన్న వెండి లేపనమువలె త్వరగా పనిచేయలేదు. పిదప చూడగా సీసాలలోని ఫేజుల సంఖ్య నిలువలో మిక్కిలి పడిపోయినదని తేలినది. ఢాకాలో విరేచనములతో బాధపడు పిల్లలకు ఫేజులు త్రాగించి చేసిన పరీక్ష ఫలితము 2016లో వచ్చినది. హాని లేదు, మేలును లేదు. ఒక్క రోగి బ్రతికిన కథ మనస్సును కదలించును. అనేకులపై జరిగిన పరీక్ష మాత్రమే మందునకు యోగ్యత నిచ్చును. 1927 నాటి పాఠము ఇదియే.

కష్టమంతయు ఎక్కడ ఉన్నది? ఫేజు తాళపుచెవివంటిది. ఒక్క తాళమునకే పట్టును. ఒకే జాతి క్రిమిలో కూడ ఒక రకమునకు పనిచేసినది మరియొక రకమునకు పనిచేయదు. ఇది గుణమును, దోషమును కూడ. మన ప్రేగులలోని మేలుచేయు క్రిములకు హాని లేకపోవుట గుణము. రోగి రోగికి వెదుకవలసివచ్చుట దోషము. క్రిములు ఫేజులకును లొంగకుండ మారగలవు. అందుకే రెండుమూడింటిని కలిపి ఇత్తురు, తరచుగా యాంటీబయాటిక్‌తో జతగా ఇత్తురు. మూడవది అన్నిటికంటె ముఖ్యము. అన్ని ఫేజులు క్రిములను చంపవు. కొన్ని వానిలో చేరి నిద్రించును. కొన్ని వానికి విష మిచ్చును. కలరా క్రిమిని ప్రాణాంతకముగా చేయు విషపు జన్యువును మోసికొనివచ్చినది ఒక ఫేజే అని 1996లో తేలినది. కంఠసర్పి అను డిఫ్తీరియా విషయమును అట్టిదే. కావున ఏ ఫేజు వైద్యుడో, ఏ ఫేజు విషదాతయో ప్రయోగశాలలో జన్యువులు చదివి తేల్చవలెను. చచ్చిన క్రిముల మలినములనుండి దానిని శుద్ధిచేయవలెను.

ఈ పని పలుచోట్ల సాగుచున్నది. బెల్జియములో వైద్యుని చీటీపై ఒక్కొక్క రోగికి ఫేజు మందును తయారుచేయుటకు ప్రభుత్వము వీలు కల్పించినది. మన దేశమున కాశీ హిందూ విశ్వవిద్యాలయపు వైద్యులు మానని పుండ్లపై ఫేజులను వాడి ఆశాజనకమైన ఫలితములు ప్రచురించిరి. అవి చిన్న పరీక్షలు. పెద్దవి జరుగవలసి ఉన్నది.

ఇప్పుడు గంగచెంబు దగ్గరకు వత్తము. ఎన్నో ఏండ్లు మూసియుంచిన ఆ నీటిలో బ్రతికియున్న ఫేజు లుండునన్న నమ్మకము లేదు. ఉన్నను అవి ఆ పుండులోని క్రిమికి తగినవై యుండుట దాదాపు అసంభవము. ఫేజులు లేకున్నను ఇతర క్రిములు ఆ నీటిలో ఉండవచ్చును. మధుమేహ రోగి తెరచిన పుండులో అవి చేరినచో వ్రేలు కాదు, కాలే పోవచ్చును. ఆ నీటికి మన ఇండ్లలో ఒక స్థానము, ఒక సమయము ఉన్నవి. పుండు కడుగుట దాని పని కాదు.

మరి ఏమి చేయవలెను? ఆ కాగితమును మరల చూడుమని మేము వ్రాసితిమి. పన్నెండింటిలో పది పోయినను రెండు మిగిలినవి. ఆ రెండును వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడవలెను. రక్తములోని చక్కెరను అదుపులో నుంచవలెను. పుండుపై శరీరపు బరువు పడనీయరాదు. కాలికి రక్తము సరిగా పారుచున్నదో లేదో పరీక్షింప జేయవలెను. మానని పుండునకు క్రిమి ఒక్కటే కారణము కాదు.

తక్కిన శ్రోతలకు కూడ ఒక మనవి. మన ఇండ్లలో బీరువా సొరుగున సగము వాడి విడిచిన మాత్రల అట్ట ఉండును. జలుబు చేసినను, ఒళ్ళు వెచ్చబడినను అందులోనివి రెండు మ్రింగుదుము. పొరుగింటి పిన్నిగారికి రెండు ఇత్తుము. జలుబు వైరసుల వలన వచ్చును; ఆ మాత్రలు వైరసులను చంపవు. అవి మన శరీరములోని క్రిములకు పాఠము నేర్పి పోవును, అంతే. అట్లు నేర్చిన క్రిమి ఒకనాడు ఎవరి తండ్రిగారి కాలిలోనో చేరును. ఫేజు వైద్యము మన ఊరి ఆసుపత్రికి ఎప్పుడు వచ్చునో చెప్పజాలము. అంతవరకు, ఆ కాగితములో మిగిలిన రెండు పేర్లను మిగిలియుండునట్లు కాపాడుకొనుట మన చేతిలో ఉన్నది.

ఈ ప్రసంగము వ్రాయుచుండగా ఆ శ్రోతనుండి మరియొక ఉత్తరము వచ్చినది. రెండు మందులలో ఒకటి మొదలుపెట్టిరట. పుండు ఇంకను మానలేదు గాని, అంచులు ఎఱ్ఱబడి లోపలికి వచ్చుచున్నవని వైద్యులు చెప్పిరట. గంగచెంబు మూత విప్పలేదట. పెద్దవారికి త్వరగా స్వస్థత చేకూరవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.